ఇంటి ముందున్న ఏడాకుల పాల చెట్టు తీసేయమని అర్జీ ఎలా పెట్టాలి?

లెక్కల టీచరు (2024 నవంబరు 10)

విశాఖపట్నంలో ఉంటాం, ఎంవీపీ కాలనీ వైపు. మా గేటుకు సరిగ్గా రెండు మీటర్ల పది సెంటీమీటర్ల దూరంలో, కాలువ గట్టు మీద ఒక ఏడాకుల పాల చెట్టు ఉంది. మాది కాదు, నగరపాలక సంస్థది. హుద్‌హుద్ తుపాను తర్వాతి ఏడు వీధి పొడుగునా మొక్కలు నాటుకుంటూ వెళ్తూ మా గేటు ముందు కూడా ఒక గుంట తీశారు. ఆ మొదటి వేసవిలో రోజూ బిందెడు నీళ్లు పోసింది నేను. మొక్క చుట్టూ పెట్టిన ఇనుప కంచెను పీకి పట్టుకుపోబోయిన వాళ్ల మీద కేకలేసి తిరిగి పెట్టించింది కూడా నేనే. కాబట్టి నన్ను చెట్ల శత్రువుగా జమకట్టకుండా మిగతాది చదవండి.

మామగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఉబ్బసం పాతికేళ్లుగా ఉంది. ఏడాది పొడుగునా ఎలాగో నెట్టుకొస్తారు. అక్టోబరు నెలాఖరు వచ్చి ఈ చెట్టు పూసిందంటే మా ఇంట్లో రాత్రి అన్నది ఉండదు. సాయంత్రం ఆరున్నరకు మొదలవుతుంది వాసన. మొదటి పది నిమిషాలు బాగానే ఉన్నట్టుంటుంది, ఆ తర్వాత ఎవరో గదిలో సెంటు సీసా బద్దలు కొట్టి తలుపు వేసి వెళ్లినట్టుంటుంది. నాకే తల పట్టేస్తుంది. ఆయన మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి పీలుస్తుంటారు. వీపు మీద చెయ్యి వేస్తే లోపల పిల్లనగ్రోవి వాయించినట్టు తెలుస్తుంది.

నోటి లెక్కలు నాకు నచ్చవు. అందుకని పాల లెక్క రాసే క్యాలెండరు మీదే, రాత్రిపూట ఆయన ఇన్‌హేలర్ ఎన్నిసార్లు తీసుకున్నారో అన్ని గీతలు గీస్తున్నాను. సెప్టెంబరు నెల మొత్తానికి 11 గీతలు. అక్టోబరు 20 నుంచి నిన్నటి వరకు, అంటే 21 రాత్రులకు, 58.

మా వారి సలహా: కిటికీలు మూసుకోండి. మూశాం. నవంబరులో విశాఖ ఉక్కపోత తెలిసినవాళ్లు ఈ సలహా విలువ మీరే కట్టండి. పైవాటాలో ఉండే ఆవిడకు ఈ వాసనంటే ప్రాణం, కిటికీ తెరుచుకుని కూర్చుంటుంది. చెట్టు కింద ఇస్త్రీ బండి ఉంది. ఆ అబ్బాయితో మాట వరసకు అంటే, చేతిలో పెట్టె అలాగే పట్టుకుని, “చెట్టు పోతే నేనెక్కడ నిలబడను మేడమ్?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

వార్డు సచివాలయంలో అడిగాను. అర్జీ ఇవ్వండి, ఉద్యాన విభాగం వాళ్లు వచ్చి చూస్తారు, కొట్టేయడమంటే మాత్రం పెద్ద వ్యవహారం అని మర్యాదగానే చెప్పారు. అర్జీలో ఏం రాయాలి? ఏ కారణం చెబితే తీస్తారు? ఇలా ఎవరైనా తీయించుకున్నారా? చెట్టు చుట్టుకొలత ఛాతీ ఎత్తులో 96 సెంటీమీటర్లు. కొమ్మలు పైవాటా కిటికీలోంచి చెయ్యి చాస్తే అందుతాయి.

సూటిగా (నవంబరు 10)

అర్జీలూ గిర్జీలూ ఎందుకండీ. చెట్టు మొదట్లో బొరియ తొలిచి ఇంగువ కూరి మట్టి మెత్తేయండి. మూడు నెలల్లో దానంతట అదే ఎండుతుంది. ఎండాక వాళ్లే వచ్చి పట్టుకుపోతారు.

పాత తోటమాలి (నవంబరు 11)

పైన ఇంగువ వైద్యం చెప్పిన పెద్దమనిషికి ముందుగా ఒక మాట. ఎండాక వాళ్లు వచ్చే లోపల అది ఎవరి మీద పడుతుందో కూడా చెప్పాల్సింది. ఏడాకుల పాల కర్ర మెత్తన. పచ్చిగా ఉన్నప్పుడే గాలికి విరుగుతుంది, ఎండితే చెప్పక్కర్లేదు. కింద ఇస్త్రీ బండి ఉందని టీచరుగారు రాశారు, చదివారా? పైగా అది ప్రభుత్వ ఆస్తి. పట్టుబడితే కేసు ఆవిడ మీద పడుతుంది, మీ మీద కాదు.

అమ్మా, నేను ఒక పురపాలక సంఘం తోటల విభాగంలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మీ ఊరు కాదు కానీ పని ఎక్కడైనా ఒకటే. వచ్చి చూసే మనిషి ఏం చూస్తాడో చెబుతాను.

చెట్టు చచ్చిందా, మొదలు డొల్లబోయిందా, రోడ్డు మీదకు ఒరిగిందా, వేరు లేచి గోడనో కాలువనో చీల్చిందా, రోడ్డు వెడల్పుకు అడ్డమా. చూసేవి ఇవే. వీటిలో ఏదైనా ఉంటే కొట్టేయమని రాస్తాడు. అప్పుడు కూడా సొంతంగా గొడ్డలి వేయడానికి లేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది, అందరూ వాల్టా అంటారు. దాని కింద అటవీ శాఖ అనుమతి కావాలి. సొంత పెరట్లో చెట్టు కొట్టేవాళ్లు కూడా అడగాల్సిందే, చాలామందికి తెలియదు. వాసన వస్తోంది, ఆకు రాలుతోంది, కారు మీద పిట్టలు రెట్టలేస్తున్నాయి, ఇంటి బోర్డు కనిపించడం లేదు... ఇలాంటి అర్జీలు వారానికి పది వచ్చేవి నా బల్ల మీదకు. వాస్తు బాగోలేదని తీసేయమన్న వాళ్లు కూడా ఉన్నారు. అన్నిటినీ ఒకే గాటన కట్టి పక్కన పెట్టేవాళ్లం. మీ మామగారి సంగతి వేరే, నాకు అర్థమవుతోంది. కానీ “తీసేయండి” అని రాశారో, మీ కాగితం కూడా ఆ గాటనే పడుతుంది.

అందుకని “కొమ్మలు కత్తిరించండి” అని అడగండి. దానికి అటవీ శాఖ దాకా పోనక్కర్లేదు, చాలాచోట్ల నిచ్చెన బండి ఖాళీ ఉన్నరోజు చేసేస్తారు. అయితే ఇప్పుడు కాదు. ఇప్పుడు పూత సగం అయిపోయింది, ఈ ఏటికి కొట్టినా కొట్టకపోయినా ఒకటే. ఈ చెట్టుకు పూగుత్తులు కొమ్మల చివర్లలో వస్తాయి. మొగ్గ తొడిగే ముందు, అంటే ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు నడుమ ఆ చివర్లు తీసేస్తే ఆ ఏడు ఆ కొమ్మలకు పువ్వు తగ్గుతుంది. మళ్లీ చిగురు వేస్తుంది, ఆకు వస్తుంది, నీడ ఉంటుంది. తుపానుల నెలకు ముందు బరువు తగ్గించినట్టూ అవుతుంది. అర్జీ జూలైలోనే పడేయండి. ఆగస్టులో పెడితే మీ వంతు వచ్చేసరికి పూలు వస్తాయి.

నడినెత్తి మాత్రం కొట్టనివ్వకండి. జనం అదే అడుగుతారు, “సగానికి నరికేయండి” అని. ఈ చెట్టు గొడుగు మీద గొడుగు పెట్టినట్టు అంతస్తులుగా పెరుగుతుంది. మధ్య కాండం కొడితే ఆ కోత చుట్టూ చీపురు పుల్లల్లా పది కొమ్మలు లేస్తాయి. అవి చెట్టు లోపలి నుంచి పుట్టినవి కావు, పైపైన అతుక్కున్నవి. మూడేళ్లు గడిచి లావెక్కాక ఒక గట్టి గాలికి ఊడి పడతాయి. మొత్తం పచ్చదనంలో పావు వంతుకు మించి ఒకేసారి తీయకూడదు.

ఇంకోటి. కొమ్మను ఒకే దెబ్బకు పైనుంచి కోస్తే, అది పడుతూ పడుతూ మొదలు బెరడును గోచీలా చీల్చుకుపోతుంది. ముందు జానెడు ఇవతల కింది నుంచి చిన్న గాటు పెట్టాలి. తర్వాత ఇంకాస్త అవతల పైనుంచి కోసి బరువు దించాలి. మిగిలిన మోడును చివర కోయాలి, అదీ కాండానికి అంటుకునేలా కాదు. కొమ్మ పుట్టిన చోట మెడపట్టీలాగా ఉబ్బెత్తు ఒకటి ఉంటుంది, దాన్ని వదిలి కోస్తేనే గాయం మూసుకుంటుంది. ఇదంతా మీరు చేయమని కాదు. నిచ్చెన బండి మీద కుర్రాడికి టీ ఇప్పించి, “బాబూ, మోడు మెడ మిగిల్చి కొయ్యి” అనండి. ఈవిడకు పని తెలుసు అనుకుంటాడు, చెయ్యి నెమ్మదిస్తుంది. ఆ రోజు ఇస్త్రీ అబ్బాయిని బట్టలు లోపల పెట్టుకోమనండి. పాలు కారతాయి, తెల్ల చొక్కా మీద పడితే మరక వదలదు. కళ్లలో పడితే ఇంకా మంచిది కాదు.

అర్జీలో మీ ఇంటి నంబరుతో పాటు పక్కనున్న కరెంటు స్తంభం నంబరు రాయండి. అన్నిటికన్నా ముఖ్యం అదే. “మా ఇంటి ముందు చెట్టు” అంటే వీధిలో అందరి ఇంటి ముందూ చెట్టే.

వృక్షశాస్త్రం మేడమ్ (నవంబరు 11)

డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. రెండు విషయాలు కలగాపులగం అవుతున్నాయి, విడదీస్తాను.

ఏడాకుల పాల పువ్వు చూశారా దగ్గరగా? ఒక గుత్తి కిందికి వంచి చూడండి. ఆకుపచ్చ కలిసిన తెలుపు, అర అంగుళం కూడా ఉండదు, సన్నని గొట్టం, చివర అయిదు రేకులు. పుప్పొడి తిత్తులు ఆ గొట్టం లోపల ఉంటాయి. ఇలాంటి పువ్వు రాత్రిపూట వాసన వేసి పురుగులను పిలుచుకుంటుంది. సరుగుడు, గడ్డి జాతుల్లాగా పుప్పొడిని గాలికి ఎగజల్లే ఏర్పాటు దీనికి లేదు. “ఏడాకుల పుప్పొడి ఊరంతా కమ్మేసింది” అని ప్రతి ఏడూ అనుకునే మాటను నేను అంత తేలిగ్గా ఒప్పుకోను.

అలాగని టీచరుగారి మామగారికి వచ్చేది ఉత్త అపోహ అనడం లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఘాటైన వాసన ఏదైనా సరే ఊపిరి గొట్టాలను బిగించగలదు. అగరుబత్తి పొగ, పెయింటు, సెంటు ఏదైనా. దానికి పుప్పొడితో పనిలేదు. పైగా ఈ చెట్టు పూసే రోజులే చలి మొదలయ్యే రోజులు. రాత్రి గాలి కదలదు, దుమ్మూ పొగా నేలబారున నిలిచిపోతాయి. ఆ వారాల్లోనే దీపావళి కూడా. ఇన్ని ఒకేసారి జరుగుతుంటే, అందరి ముక్కుకూ తెలిసేది వాసన ఒక్కటే కాబట్టి నేరం దాని మీద పడుతుంది.

మీరు గీతలు గీసే మనిషి కాబట్టి అడుగుతున్నాను. ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉందా? అందులో వయ్యారిభామ ఉందా? క్యారెట్ ఆకులాంటి ఆకు, తెల్లని చిన్న పూలు. వానాకాలం అయ్యాక అది నడుమెత్తు పెరిగి ఉంటుంది. ఉబ్బసానికీ చర్మం దురదలకూ దాని పేరు ఎప్పటి నుంచో ఉంది, దాన్ని మాత్రం ఎవరూ అర్జీలో రాయరు. మామగారికి చర్మం మీద చేసే అలర్జీ పరీక్ష చేయించండి. ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి గుచ్చుతారు, పావుగంటలో తెలుస్తుంది. నివారణకు వాడే ఇన్‌హేలర్ వేరే ఉంటుంది, ఆయాసం వచ్చాక తీసుకునేది వేరు. మొదటిదాన్ని సీజను కంటే ముందే మొదలుపెట్టాలేమో డాక్టరును అడగండి.

చెట్టు గురించి ఒక చిన్న మాట, పాఠం చెప్పే అలవాటు పోదు. దీని శాస్త్రీయ నామం ఆల్‌స్టోనియా స్కొలారిస్. స్కొలారిస్ అంటే బడికి చెందినది. దీని కర్రతో పిల్లల పలకలు చేసేవాళ్లు. ఒక టీచరు గేటు ముందు మొలవడం దాని తప్పు కాదు. మన సంస్కృత కవులు శరదృతువు వర్ణించినప్పుడల్లా దీన్ని తెచ్చేవాళ్లు. పూల వాసనను దేనితో పోల్చారనుకున్నారు? మల్లెతో కాదు, మదపుటేనుగు చెక్కిళ్ల మీద కారే మదజలంతో. అంటే ఘాటు సంగతి వాళ్లకూ తెలుసు.

ఖరగ్‌పూర్ తెలుగు (నవంబరు 12)

రైల్వే ఉద్యోగం మీద తాతగారి కాలంలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. మాకు ఇది ఛాతిమ్. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర వృక్షం. శాంతినికేతన్‌లో స్నాతకోత్సవం రోజున పట్టాతో పాటు దీని ఆకుల కొమ్మ చేతికిచ్చేవారు. ఇక్కడ దుర్గాపూజల రోజుల్లో ఈ వాసన రాకపోతే జనం బెంగపెట్టుకుంటారు. మీరేమో అర్జీ పెడుతున్నారు. తప్పు పట్టడం లేదండీ, మా అమ్మకూ ఆ నెలలో తలనొప్పే. పైకి అనదు, అంతే.

పెదవాల్తేరు పాతకాపు (నవంబరు 12)

నేను కాస్త కటువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చిన రోజు. ఆ రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ చెట్టు తీసేయమని అర్జీ పెట్టరని నేను అనుకునేవాణ్ని. మర్నాడు పొద్దున తలుపు తీస్తే మా వీధి చివర సముద్రం కనిపించింది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నాను, అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుందని నాకు తెలియదు. మధ్యలో ఉన్న చెట్లన్నీ పోతే కనిపించింది. పడనివాటికి కూడా ఆకు మిగలలేదు, కొండలు కాల్చిన రొట్టె రంగుకు వచ్చాయి. తురాయిలు, కొండచింతలు వేళ్లతో సహా లేచి కార్ల మీద పడుకున్నాయి. తర్వాతి వేసవిలో బస్టాపులో నిలబడితే నీడ అంటే కరెంటు స్తంభం నీడే. దాని వెనకాల ఒకరి వెనక ఒకరం వరసగా నిలబడ్డాం, నవ్వకండి, నిజం.

ఆ ఎండలో నాటిన మొక్కలివి. పశువులు ముట్టవు, త్వరగా పెరుగుతాయి కాబట్టి నాటారు. ఇవి కాకపోతే ఇవాళ మీ ఇంటి ముందు ఏమీ ఉండేది కాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్పి ఒక్కొక్క చెట్టు తీయిస్తే మళ్లీ మనకు స్తంభం నీడే గతి.

లెక్కల టీచరు (నవంబరు 13)

పాతకాపుగారూ, ఆ ఆదివారం నేనూ ఇక్కడే ఉన్నాను. వంటింటి కిటికీ రెక్క ఊడిపోతే మా వారూ నేనూ భోజనాల బల్ల నిలబెట్టి, దానికి వీపులు ఆనించి, మధ్యాహ్నమంతా నిలబడ్డాం. వెనక గదిలో మామగారు పెద్దబ్బాయిని ఒళ్లో పెట్టుకుని ఎక్కాలు చెప్పిస్తున్నారు, గాలి చప్పుడు వినిపించకుండా. పద్నాలుగో ఎక్కం దాకా వెళ్లారు. అందుచేత హుద్‌హుద్‌ను నా మీదికి తేకండి. ఆ మనిషి ఊపిరి గురించే నేనిక్కడ రాస్తున్నది.

నిన్న సాయంత్రం వీధి చివరి దాకా నడిచి లెక్కపెట్టాను. మొత్తం చెట్లు 23. అందులో ఏడాకులు 17. కానుగలు మూడు, బాదం రెండు, వేప ఒకటి. నా అభ్యంతరం అసలు ఇది అనుకుంటున్నాను, రాస్తుంటే తెలుస్తోంది. వీధికి రెండుంటే పూసిన నెలలో “అబ్బ, ఏం వాసన” అని దాటిపోతాం. పదిహేడు ఒకే వారంలో పూస్తే దాటడానికి చోటు లేదు. నా ఒక్క చెట్టు కొట్టించినా ఇంకా పదహారు. తీసివేత నాకు ఎవరూ నేర్పక్కర్లేదు, అయినా ఈ సంగతి మొన్నటి దాకా తట్టలేదు.

తోటమాలిగారూ, మీరు చెప్పినట్టే జూలైలో, కొమ్మల కోసమే అడుగుతాను. మేడమ్, ఖాళీ స్థలం ఉంది. ఉత్తరం వైపు, మామగారి గది కిటికీ కిందే. వయ్యారిభామ కూడా ఉంది, ప్రహరీ ఎత్తున. ఇన్నాళ్లూ అది నాకు కనిపించలేదంటే సిగ్గుగా ఉంది.

ఇంగువ చెప్పినాయనకు: కిలో ఇంగువ ధర కూడా కాస్త చెప్పాల్సింది.

సూటిగా (నవంబరు 13)

సరే సరే, వెనక్కి తీసుకుంటున్నాను. మా తాత చెప్పేవాడు, అంతే. ఎప్పుడూ చేయలేదు.

లెక్కల టీచరు (2025 నవంబరు 16)

ఏడాది తర్వాత వస్తున్నాను. మధ్యలో ఇద్దరు ముగ్గురు “ఏమైంది” అని అడిగారు, సీజను అయ్యాక లెక్కతో రాద్దామని ఆగాను.

జూలై 7, సోమవారం అర్జీ ఇచ్చాను. ఒకటే పేజీ. స్తంభం నంబరు, రెండు ఫొటోలు, డాక్టరు రాసిన కాగితం నకలు, కిందటేటి క్యాలెండరు రెండు నెలల పేజీలు. క్యాలెండరు చూసి అక్కడి అమ్మాయి, “ఈ గీతలన్నీ ఒక్క మనిషివేనా?” అంది. ఇంకేమీ అనలేదు, కాగితం పైన పెట్టింది. ఇస్త్రీ అబ్బాయి, పైవాటా ఆవిడ కూడా సంతకాలు పెట్టారు. “తీసేయడం కాదు, కత్తిరించడం” అన్న వాక్యం కింద గీత గీయమని అబ్బాయే పట్టుబట్టాడు. గీశాను, స్కేలు పెట్టి.

సెప్టెంబరు 9న నిచ్చెన బండి వచ్చింది. తోటమాలిగారి టీ మంత్రం పనిచేసింది. “మెడ మిగిల్చి కొయ్యి బాబూ” అంటే కుర్రాడు కిందికి చూసి, “మీరు మా డిపార్ట్‌మెంటా అమ్మా?” అన్నాడు. ఇంటి వైపు కొమ్మలు, అన్ని గొడుగుల చివర్లు తీశారు. నడినెత్తి ముట్టలేదు. కోసిన ప్రతి చోటా చుక్కలు చుక్కలుగా పాలు కారి, కింద సిమెంటు మీద నల్లగా ఆరాయి, ఇప్పటికీ ఉన్నాయి. మొత్తం యాభై నిమిషాలు. మామగారు అరుగు మీద కుర్చీ వేయించుకుని మాస్కు పెట్టుకుని చివరిదాకా చూశారు. అంతా అయ్యాక, “ఎండ కళ్లలో కొడుతోంది, అంత కొట్టించావేమిటి?” అన్నారు. ఎవరి కోసం ఇదంతా అని నేను అడగలేదు.

ఇప్పుడు లెక్క. అవే 21 రాత్రులు, అక్టోబరు 20 నుంచి నవంబరు 9 దాకా. కిందటేడు 58. ఈ ఏడు 33.

దీన్ని పట్టుకుని “చెట్టు కొమ్మలు కొట్టిస్తే తగ్గింది” అని ఎవరూ రాసుకోకండి. ఈ ఏడు నేను మార్చినవి నాలుగు. కొమ్మలు ఒకటి. అక్టోబరు ఒకటి నుంచే నివారణ ఇన్‌హేలర్ మొదలుపెట్టడం రెండు. పరీక్షలో పరుపుల్లో ఉండే దుమ్ము పురుగులకు ఆయన చేతి మీద దద్దురు రూపాయి బిళ్లంత లేచింది కాబట్టి పరుపుకూ దిండ్లకూ జిప్పు తొడుగులు వేయడం మూడు. ఖాళీ స్థలం యజమానిని వెతికి పట్టుకుని, బతిమాలి, పూత రాకముందే వయ్యారిభామ పీకించడం నాలుగు. దానికీ ఆయనకు దద్దురు వచ్చింది, చిన్నది. ఏడాకుల పాలకు వేయాల్సిన చుక్క ఆ పరీక్ష చేసిన చోట లేదు. కాబట్టి అసలు ముద్దాయిని నిలబెట్టకుండానే విచారణ ముగిసింది. నాలుగు మార్పులు ఒకేసారి చేసి దేనివల్ల తగ్గిందంటే, నా తొమ్మిదో తరగతి పిల్లలకైనా సున్నా వేస్తాను. శాస్త్రం కోసం ఆయన్ను ఇంకో ఏడాది దగ్గమని చెప్పలేను కదా.

వాసన? ఉంది. వీధిలో మిగతావి ఉన్నాయిగా. కానీ మునుపు కిటికీలోంచి వచ్చేది, ఇప్పుడు వీధిలోంచి వస్తోంది. పైవాటా ఆవిడ, “ఈసారి నాకు సరిపడా రాలేదు” అని నిష్ఠూరమాడింది. ఇస్త్రీ బండి నీడ వెంట ఒక నాలుగడుగులు తూర్పుకు జరిగింది. ఇప్పుడు సరిగ్గా మా గేటు రెక్క తెరుచుకునే చోట ఉంది. రోజూ పొద్దున స్కూటరు తీసేటప్పుడు అతను బండి జరపాలి, జరుపుతూ ఏదో ఒకటి మాట్లాడాలి. ఏడున్నరకు బడి గంట.

తోటమాలిగారికి ఒక ప్రశ్న, అసలు దాని కోసమే వచ్చాను. మా వీధిలో రెండు ఏడాకులు మొన్న అక్టోబరు గాలికి మొదటికంటా విరిగిపోయాయి. ఆ రెండు గుంటల్లో మళ్లీ అవే నాటకముందు అడుగుదామని సంతకాలు పోగు చేస్తున్నాను. ఒకదానికి కానుగ అనుకున్నాం, రెండోదానికి పొగడ కావాలంటున్నారు మామగారు. పొగడపూల వాసన ఆయనకు పడుతుందా అని మేడమ్ చెప్పాలి. కాలువ గట్టుకు ఎంత దూరంలో గుంట తీయమని రాయాలో మీరు చెప్పండి. స్తంభాల నంబర్లు రెండూ రాసిపెట్టుకున్నాను.

పాత తోటమాలి (నవంబరు 16)

గట్టు నుంచి మూడు అడుగులైనా వదలమనండి అమ్మా, అంత చోటు లేకపోతే కానుగ వద్దు, రెండూ పొగడలే పెట్టించండి. నిదానంగా పెరుగుతుంది, కింద నీడకు ఇస్త్రీ అబ్బాయి చాలా ఏళ్లు ఆగాలి. కరెంటు తీగల కింద గుంట అయితే ముందే చెప్పండి, అప్పుడు వేరే మాట్లాడుకుందాం. ఒక ఫొటో పెట్టగలరా?